ఎడమకు గుంజిన విమానం

నేను నాలుగో తరగతి దాకే చదివాను. రాయడం ఇదే మొదలు, అక్షరాలు తప్పితే ఏమీ అనుకోకండి.

ఒకరోజు ఇచ్చోడ బస్టాండులో నిమ్మకాయల సంచితో కూర్చున్నాను. పక్కన మీసాలు నెరిసిన ఒకాయన ఒళ్లో కంప్యూటర్ పెట్టుకుని, మా మధ్య బెంచీ మీద తీగతో దానికి కలిపి ఉన్న ఆట పిడి తిప్పుతూ తెర మీద విమానం నడుపుతున్నాడు. అది ఎగరకముందే ఎడమకు తిరిగి గడ్డిలో పడుతోంది.

"ఏమైంది తమ్మీ?"

"ఈ కంప్యూటర్ ఆటలకు కొత్త ఇమానం కొని గిప్పుడే ఎక్కించిన అక్కా. పాతయి సక్కగ పోయేటివి, గిది ఎడమకు గుంజుతుంది. బ్రేకులు చూసిన, ఆటల వచ్చే గాలి గుడ బంద్ చేసిన. పొద్దుమీకి, చీకటి పడంగనే, దోస్తుల ముంగట నడపాలె. ఇజ్జత్ పోతది."

"కొత్త బండి గదా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినవా?"

"కంప్యూటర్ల ఏడ పెట్టాలె అక్కా?"

సంచి ఇటు జరుపుకుని, రెండు కాయలు తీసి కంప్యూటర్‌కు చెరో పక్క పెట్టాను. విమానం తిన్నగా పరుగెత్తి పైకి లేచింది. నేను దండం పెట్టాను. ఆయన పిడినీ నా సంచినీ చూసి పగలబడి నవ్వాడు.

"నీ సంచే పిడిని ఎడమకు నూకిందక్కా! గిప్పటిదాంక ఇమానం అమ్మినోన్ని తిట్టిన."

సిగ్గుపడి కాయలు తీసుకోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనియ్యి. దోస్తుల ముంగట మల్ల గుంజితే?"

రెండూ జేబులో వేసుకుని బస్సెక్కాడు.

నా రాత కూడా పక్కకు గుంజుతుంది. సర్దుకుని చదివి, తప్పులు మన్నించండి.