పొడుగు గీత, పొట్టి గీత

మా బాబాయి అక్షరాలు చదవడు. చదవడం రాక కాదు, వాటి మీద నమ్మకం లేక. తపాలా సార్టింగ్ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా కవర్ల మీద బార్‌కోడ్లు చూసీ చూసీ, ఆయనకు లోకంలో నమ్మదగ్గవి నిలువు గీతలొక్కటే అయ్యాయి.

"అంకెకి ఐదు గీతలు. రెండు పొడుగు, మూడు పొట్టి. ఊరు, వీధి, ఇల్లు అన్నీ అందులోనే. చివర ఇంకో అంకె. అన్నీ కూడితే సున్నాతో ముగియాలి. లేకపోతే యంత్రం బయటికి గెంటేస్తుంది." పెళ్లయ్యాక పిన్నితో ఆయన మాట్లాడిన మొదటి మాటలివేనట.

ఒకసారి పళ్లూడిన దువ్వెనను పిన్ని పారేయబోయింది.

"ఆగు," అంటూ దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు. "ఇది స్టేషను వెనక వీధి."

"అయితే అక్కడికే పంపించండి."

"కుదరదు. చివరి అంకె తప్పు."

పక్క వాటాలో బట్టలు కుట్టే పెద్దావిడ ఉండేది. జబ్బు చేశాక చెయ్యి వణికేది. చెల్లెలికి రాసిన ఉత్తరాలు మూడు, చిరునామా తెలియడం లేదంటూ తిరిగొచ్చాయి. అక్కకి తన మీద కోపమొచ్చిందేమోనని ఆ చెల్లెలు ఎవరితోనో కబురు పంపింది.

"అడ్రసు మేం రాసిస్తాం కదండీ," అంది పిన్ని.

"నా చెల్లెలి పేరు ఇంకొకరి చేత రాయించే గతి ఇంకా పట్టలేదమ్మా."

బాబాయి తిరిగొచ్చిన కవరొకటి తిప్పి చూసి, "ఇందులో గీతల్లేవు. నాకేం తెలీదు," అన్నాడు.

"మీరసలు మనిషేనా, ఆ యంత్రానికి చుట్టమా?" అంది పిన్ని.

ఆ వారం క్యారియర్ ఇవ్వడానికి ఆఫీసుకి వెళ్లాను. యంత్రం చదవలేక వదిలేసిన కవర్ల ట్రే ముందు బాబాయి స్కేలుతో కూర్చున్నాడు. పెద్దావిడ రాసిన కొత్త కవరు అడుగున నల్ల పెన్నుతో ఒక్కో గీతా గీసి యంత్రంలో పెట్టాడు. అది టక్కున బయటికొచ్చింది.

"ఏమైంది బాబాయ్?"

"ఒక పొట్టి గీత పొడుగైంది. కూడిక కుదర్లేదు."

గీతల మీద తెల్లకాగితం అంటించి మళ్లీ గీశాడు. మళ్లీ వచ్చింది. మూడోసారి మాత్రం కవరు తుర్రుమని చెల్లెలి ఊరి అరలోకి పోయింది.

"పిన్నికి చెప్పకు. ఆవిడకి అసలే చెప్పకు."

పది రోజులకి జవాబొచ్చింది. పెద్దావిడ దాన్ని ఊపుకుంటూ బాబాయి గుమ్మంలోకి వచ్చింది.

"చూశావా తమ్ముడూ! నా రాత కుదుటపడింది. మీ యంత్రం కూడా చదివేసింది!"

బాబాయి చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు:

"చదవకేం అక్కా. ఈసారి వీధి పేరు కాస్త పెద్దగా రాయండి. పాపం, యంత్రానికి చూపు మందగిస్తోంది."