గంగ వదినెకు లేని జబ్బు

కామారెడ్డి బజారులో నన్ను చూసి చేతులు జోడించే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల కాన్పులకు నేను పక్కన నిలబడ్డాను. వాళ్లు దండం పెట్టినప్పుడల్లా నా చూపు నేల మీదికి పోతుంది. ఆ పని నాకు ఎట్లా దొరికిందో వాళ్లకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఇన్నేండ్లు ఈ బరువు నేనొక్కదాన్నే మోశాను. ఇక చేతకాదు, మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నాకున్న ధైర్యం అదొక్కటే.

నైజాం రోజులు. మాది ఎల్లారెడ్డి. మొగుడు ఇంకొకతెను తెచ్చుకుంటే పుట్టింటికి వచ్చేశాను. మా మేనత్త కూతురు గంగ నాకంటే కొంచెం పెద్దది. వదినె అని పిలిచేదాన్ని. ఆమె భర్త గత్తర సోకి వాంతులు, విరేచనాలతో ఒక్క పూటలో పోయాడు. చంకలో పాలు మరవని ఆడపిల్ల. పగలు ఇద్దరం నాట్లకో కలుపుకో పోయేవాళ్లం. రాత్రి పిల్లను మధ్యలో వేసుకుని ఒకే బొంత మీద పడుకునేవాళ్లం. మా గూడెంలో ప్రార్థన చెప్పే పాస్టరు భార్య మా ఇద్దరికీ చదువు నేర్పింది. కామారెడ్డిలో కొత్తగా కాన్పుల దవాఖాన తెరిచారని, డాక్టరమ్మకు చేతికింద ఒక ఆడమనిషి కావాలని ఆమే చెప్పింది. తిండి, బట్ట, జీతం ఇచ్చి పని నేర్పుతారట. కాకపోతే ముందు పరీక్ష పెడతారట.

పరీక్షంటే ఏమిటో మాకేం తెలుసు? లింగంపేట మీదుగా పోయే బెల్లం బండి ఎక్కాం. నాకు వత్తులు సరిగా పలకవు. దారిపొడుగునా గంగ వదినె నాచేత చదివిస్తూనే వచ్చింది.

డాక్టరమ్మ మద్రాసు వైపు మనిషి. ముందు మా కళ్లు, నాలుక చూసింది, నాడి పట్టింది. తర్వాత చదివించింది. జ్వరం చూసే గాజు గొట్టంలో పాదరసం ఎక్కడిదాకా ఉందో చెప్పమంది. వచ్చినవాళ్లందరిలో మధ్యాహ్నానికి మేమిద్దరమే మిగిలాం. అప్పుడు డాక్టరమ్మ ఒక ముసలామె కాలి పుండుకు కట్టు మార్చమంది. గుడ్డ విప్పగానే ఆ వాసనకు నా కళ్లు తిరిగాయి. గోడ పట్టుకోబోయాను. గంగ వదినె ఏమీ ఎరగనట్టు నాకు అడ్డంగా వచ్చి నిలబడింది. ముసలామెను ఊరూ పేరూ అడుగుతూ పుండు తానే కడిగింది. నేను తేరుకునేదాకా కట్టును మెల్లగా చుట్టి, చివరి ముడి మాత్రం నాచేత వేయించింది. ఆ పని ఆమెదేనని నాకు అప్పుడే తెలిసిపోయింది.

తర్వాత ఒక్కొక్కరినే లోపలికి పిలిచారు. గంగ వదినె ముందు వెళ్లి నవ్వుతూ వచ్చింది. నా వంతు వచ్చినప్పుడు డాక్టరమ్మ అడిగింది ఒకటే. నువ్వు పురిటి మంచం మీద ఉంటే, పక్కన గంగ ఉందంటే నీకు ధైర్యమేనా?

ధైర్యమేనమ్మా అనాలి. అనడానికే నోరు తెరిచాను. ఆమెకు మూర్ఛలొస్తాయని చెప్పాను.

ఆ మాటకు ముందు అదిరిపడింది నేనే. ఎవరన్నారది? గదిలో ఇంకెవరైనా ఉన్నారా? ఎట్లా వస్తాయని డాక్టరమ్మ అడిగితే మాత్రం తడుముకోలేదు. చిన్నప్పుడు మూర్ఛలతో పోయిన తమ్ముడు ఉండేవాడు నాకు. వాడి కొంకర్లు పోయే వేళ్లు, నోటి నురగ, ఆ తర్వాతి మొద్దునిద్ర, అన్నీ తీసి గంగ వదినెకు అంటగట్టాను. నోరు జారిన మాటైతే అంత వివరంగా వస్తుందా? నాలో అది ఎప్పటినుంచి కూర్చుని ఉంది?

డాక్టరమ్మ గంగను కూడా నీ గురించి ఇదే అడిగానంది. నువ్వుంటే ధైర్యమేనని చెప్పిందట. ఒక్కరినే తీసుకునేదుంటే నన్నే తీసుకోమందట. ఇంకేమైనా చెప్పాలా అని డాక్టరమ్మ అడిగింది. ఏం లేదమ్మా అన్నాను.

ఆ జబ్బున్న మనిషి చేతికి పసిగుడ్లను ఇవ్వలేనని డాక్టరమ్మ గంగ వదినెకు నెమ్మదిగా చెప్పింది. ఎవరు చెప్పారో చెప్పలేదు. ఆమె వాదిస్తుందని, నా మీద మండిపడుతుందని ఎదురుచూస్తూ తలుపు పక్కన నిలబడ్డాను. ఆమె బయటికి వచ్చి మెట్ల మీద కూలబడింది.

"పిల్లా, డాక్టరమ్మ నాడి వట్టి చూసింది గద, అండ్లనే దొరికిందేమో. నాకే తెల్వకుంట వస్తున్నయా? నిద్రల గిట్ల వస్తున్నయా? నా పక్కల పండుకునేది నువ్వే. ఎన్నడన్న చూసినవా?"

లేదు వదినె అంటే చాలు. ఒక్క మాట. ఆమె కళ్లు నా కళ్లల్లోనే ఉన్నాయి.

"ఒకటి రెండు సార్లు చూసిన వదినె. నువ్వు భయపడ్తవని చెప్పలే."

ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"ఇన్నొద్దులు నాకోసం మనసులనే వెట్టుకున్నవా?"

లోపల అన్నది పోటీలో పుట్టిన అబద్ధం అనుకోండి. మెట్ల మీద అన్నది ఏమిటి? దానికి పేరు ఇప్పటికీ దొరకలేదు.

ఆమె ఊరికి పోయింది. నేను పనిలో ఉండిపోయాను. కొన్ని నెలలకు ఎల్లారెడ్డి పోయి చూసి నివ్వెరపోయాను. బావికి ఒంటరిగా పోవడం లేదు. పొయ్యి దగ్గర కూర్చోవడం లేదు. నిద్రలో మీద పడతానేమోనని బిడ్డను మా మేనత్త పక్కన పడుకోబెడుతోంది. బురదలో పడితే ఎవరు లేపాలని నాట్లకు పిలవడం మానేశారు. నేనన్న మాట ఇంత పని చేసిందా? నయమైనట్టుంది వదినె, అని ఇంకో అబద్ధం చెప్పాను. కనబడకుండా వచ్చేదానికి నయమైనట్టు ఎట్లా తెలుస్తుందని ఆమె అడిగింది.

పెద్ద యుద్ధం నడుస్తున్నప్పుడు గంగ వదినె విషజ్వరంతో మంచం పట్టింది. కబురందితే వెళ్లాను. దవాఖాన మనిషివి, నిజం చెప్పు, నా బిడ్డకు కూడా ఈ రోగం వస్తదా అని అడిగింది. రాదు వదినె అన్నాను. ఎట్లా చెబుతున్నావని ఆమె అడగలేదు. నేను ఆమెతో అన్న నిజం అదొక్కటే, అదీ సగమే. అమ్మయ్య అనుకుని కళ్లు మూసుకుంది. మర్నాడు పోయింది.

ఆమె బిడ్డ నన్ను అత్తా అని పిలుస్తుంది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే, మా అమ్మకు మూర్ఛలుండె అంటుంది. నేను పక్కనే ఉంటాను.

గంగ వదినెకు మూర్ఛ లేదు. ఒక్కనాడూ రాలేదు. ఈ రెండు మాటలూ రాసి, పైకి చదివాను. నా గొంతుతో వాటిని నేను వినడం ఇదే మొదటిసారి. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.