గ్రేసమ్మ గెలిపించిన జట్లు

నాచారంలో మా ఆఫీసు ఒక టైల్స్ దుకాణం మీద, రెండో అంతస్తులో ఉండేది. పద్నాలుగు మందిమి అక్కడ కూర్చొని, ఎన్నడూ కళ్ళతో చూడని ఆట గురించి రోజూ రాసేవాళ్ళం. దాని పేరు అమెరికన్ ఫుట్‌బాల్. పేరులో ఫుట్ ఉంది కానీ బంతిని చంకలో పెట్టుకొని పరుగెత్తుతారు. మా రాతలన్నీ అమెరికాలోని ఒక వెబ్‌సైట్‌లో ‘కోచ్ రాండీ’ పేరుతో వచ్చేవి. కోచ్ రాండీ అనే మనిషి భూమ్మీద లేడు. తెలంగాణ కోసం ఊళ్ళన్నీ లేచిన ఆ డిసెంబరులో కోచ్ రాండీ అంటే, మేడిపల్లి నుంచి రెండు బస్సులు మారి వచ్చే గ్రేసీ. ఆమె రాసింది సరిచూసే పని నాది. నా పేరు ఉపేందర్.

నేను ఆమెను గ్రేసమ్మా అనేవాణ్ణి. జనగామ దగ్గరి పల్లె ఆమెది. పెళ్ళయి పట్నం వచ్చాక ఏడేళ్ళు నాచారంలోనే ఒక మందుల కంపెనీలో గోలీలు ప్యాక్ చేసింది. పొద్దున ఎనిమిదికి నిలబడితే సాయంత్రం ఆరుకు గానీ కూర్చోనివ్వరు. కాళ్ళ నరాలు ఉబ్బి నీలంగా పైకి లేచాయి. ఇంకో రెండేళ్ళు ఇట్లాగే నిలబడితే నడవడం కూడా మరిచిపోవాలని దవాఖానాలో చెప్పారట. ఆ మాటకు భయపడి దూరవిద్యలో డిగ్రీ కట్టింది. ఆదివారం చర్చి అయ్యాక ఉప్పల్‌లో కంప్యూటర్ నేర్చుకుంది. భర్త టిమోతి వెల్డింగ్ పని చేసొచ్చి వంట చేస్తే, ఈమె చదువుకునేదట. అక్టోబరులో మా దగ్గర చేరింది. మూడు నెలలు పని చూసి, డిసెంబరు ముప్పై ఒకటిన పర్మనెంటు చేస్తామన్నారు. మాకందరికీ అది ఉద్యోగం. ఆమెకు మాత్రం కూర్చొని చేసే ఉద్యోగం. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో నాకు అప్పట్లో తెలియదు.

గ్రేసమ్మకు భయం ఎక్కువ. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. మా టీమ్ లీడర్ దామోదర్ సార్ దగ్గితే తప్పేం జరిగిందోనని వెనక్కి తిరిగి చూసేది. చేరిన మొదటి వారమే నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

“ఉపేందరన్నా, ఎవలు గెలుస్తరో ముందుగాలనే చెప్పుడంటే సోదె చెప్పుడే గద. సోదె చెప్పుడు పాపమని మా పాస్టరయ్య అంటడు.”

“సోదె కాదమ్మా. ఎనాలిసిస్.”

“అంటే ఏంది?”

“ఇంగ్లీషుల సోదె.”

ఆమె నవ్వలేదు. మర్నాటి నుంచి ప్రతి రాత చివర ‘దేవుని చిత్తమైతే’ అని ఇంగ్లీషులో చేర్చేది. నేను కొట్టేసేవాణ్ణి. ఆమె మళ్ళీ చేర్చేది.

అమెరికాలో కాలేజీల జట్లు నాలుగు నెలలు ఆడి, డిసెంబరు నెలాఖరులో పెద్ద పోటీలు పెట్టుకుంటాయి. వాటిని బౌల్ ఆటలంటారు. ఆ ఏడాది ముప్పై నాలుగు. అన్నింటిలో ఎవరు గెలుస్తారో కోచ్ రాండీ ముందే చెప్పాలి. అందుకోసం క్లయింటు ఒక పట్టిక పంపాడు. ప్రతి ఆటకూ రెండు జట్ల పేర్లు. ఒక పేరు పక్కన మైనస్ ఏడు అని ఉంటే, రెండో పేరు పక్కన ప్లస్ ఏడు అని ఉండేది. ఆ గుర్తులేమిటో క్లయింటు చెప్పలేదు. అమెరికాలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి మాకు చెప్పాలని వాడికెందుకు తోస్తుంది.

“మైనస్ అంటే తక్కువ గదన్నా?” అని అడిగింది గ్రేసమ్మ.

“తక్కువే. ప్లస్సంటే ఉన్నట్టు, మైనస్సంటే లేనట్టు. ప్లస్సున్నోడే గెలుస్తడు” అన్నాను. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవాణ్ణి, లెక్కల్లో నాకు అనుమానమేమిటి.

గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపించాడు. ఆమె ముప్పై నాలుగు ఆటల్లోనూ ప్లస్ ఉన్న జట్టునే గెలిపించింది. ఎందుకు గెలుస్తుందో ఒక్కో ఆటకు ఒక్కో పేజీ రాసింది. వాటిని ప్రింట్ తీసి నా ముందు పెడితే, చదివి, ప్రతి పేజీ కిందా ఆకుపచ్చ పెన్నుతో సంతకం చేశాను. మా ఆఫీసులో అది కట్టుబాటు. సంతకమైన కాగితంలో తప్పు దొరికితే రాసినవాళ్ళూ చూసినవాళ్ళూ ఇద్దరూ ఇంటికే. చూపించకుండా వెబ్‌సైట్‌లోకి ఎక్కిస్తే రాసినవాళ్ళు ఒక్కరే ఇంటికి. ఆ కాగితాలు రాసినవాళ్ళ ఫైల్లోనే ఉండేవి.

మొదటి రెండు మూడు రోజులు ప్లస్ జట్లే గెలిచాయి. కోచ్ రాండీ మొనగాడని క్లయింటు మెయిల్ పంపాడు. దామోదర్ సార్ అందరికీ సమోసాలు తెప్పించాడు. గ్రేసమ్మ తన సమోసా కాగితంలో చుట్టి ఇంటికి పట్టుకెళ్ళింది.

క్రిస్మస్ అయిన మర్నాడు ఆమె నన్ను తన కంప్యూటర్ దగ్గరికి పిలిచింది.

“అన్నా, జర ఇటు సూడు.”

కోచ్ రాండీ రాత కింద ఎవరో అమెరికావాడు రాశాడు. ఈ ముసలాయన తాగి రాశాడా, ముప్పై నాలుగింటిలోనూ బలహీనమైన జట్టునే గెలిపించాడేంటని వాడి ప్రశ్న. దాని కింద ఇంకొకడు విడమరిచి చెప్పాడు. మైనస్ అంటే బలం. ఆ జట్టు ఎంత బలమైనదంటే, దాని పాయింట్లలోంచి ఏడు తీసేసినా అవతలి జట్టుకు సరిజోడుగా ఉంటుంది. ఆ తీసేసే ఏడే మైనస్ ఏడు.

నిజం చెప్పాలంటే, మొదట గుర్తొచ్చింది ఆటలు కాదు, నా సంతకాలు.

“ఇంక ఇరవై ఆరు ఆటలున్నయన్నా. తీసేసి మంచిగ రాద్దాం. సార్‌కు చెప్దాం.”

“చెప్తే ఇద్దరం పోతం. నువ్వు గమ్మునుండు. ఎవలు గెలుస్తరో ఎవనికెరుక” అన్నాను. తేలు కుట్టిన దొంగలా నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను.

ఆ రోజు నుంచి మైనస్ జట్లు గెలవడం మొదలుపెట్టాయి. పొద్దున్నే వచ్చి కంప్యూటర్ తెరిచేవాణ్ణి. మేం గెలిపించిన జట్టు ఒకటి ఓడితే ఆ పేజీ మళ్ళీ తెరిచి చూసేవాణ్ణి. రెండు ఓడితే టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకెళ్ళేవాణ్ణి. గ్రేసమ్మ కళ్ళ కింద నల్లబడింది. “మా ఇంట్ల కుటుంబ ప్రార్థనల ఆ టీముల పేర్లు చదువుతున్నమన్నా, టిమోతికి నోరు తిరుగుతలేదు” అని చెప్పింది. మామూలు రోజైతే పగలబడి నవ్వేవాణ్ణి. ఆ రోజు “కొంచెం గట్టిగా చదవమనమ్మా” అన్నాను.

ఇరవై తొమ్మిదో తారీఖు సాయంత్రం దామోదర్ సార్ మా ఇద్దరినీ పిలిచాడు. క్లయింటు కోపంతో మెయిల్ పంపాడు. కోచ్ రాండీ పరువు పోయింది, కారణం కావాలి.

“రేపు పన్నెండు కొట్టేలోపల సంతకాలున్న కాగితాలు నా టేబుల్ మీదుండాలె. ఎవలది తప్పో తేలాలె” అన్నాడు.

“రేపు బంద్ గద సార్” అన్నాను.

“నువ్వు మల్లాపూర్‌ల ఉంటవ్, నడిచి రా. మేడిపల్లోళ్ళు రాకుంటే ఆల్లిష్టం. రానోళ్ళదే తప్పని రాసి పంపుత.”

ఆ మాట రాత్రంతా నా చెవిలో తిరిగింది. రానివాళ్ళదే తప్పు. కాగితాలు గ్రేసమ్మ ఇంటికి పట్టుకెళ్ళిన సంచిలో ఉన్నాయి. ఆమె రాకపోతే కాగితాలు రావు. కాగితాలు రాకపోతే నా సంతకమూ రాదు. పొద్దున ఏడింటికి ఆమెకు ఫోన్ చేశాను.

“రాకు గ్రేసమ్మా. ఉప్పల్ చౌరస్తల రాళ్ళు పడుతున్నయంట. పానం కన్న నౌకరి ఎక్కువ గాదు.”

రాళ్ళు పడుతున్నాయని నాకెవరూ చెప్పలేదు. అది నేనే పుట్టించాను.

“నేను రాకుంటే సార్ నిన్నొక్కన్నే నిలబెట్టి అడుగుతడు గదన్నా. అస్త” అంది.

ఫోన్ పెట్టేశాక మంచం మీదే కూలబడ్డాను. నా ఎత్తు ఆమెకు అర్థం కాలేదని ఊపిరి పీల్చుకోవాలో, సిగ్గుపడాలో తెలియలేదు. రెండూ కాక భయమే మిగిలింది.

ఆఫీసు షట్టరు సగం దించి ఉంది. లోపల దామోదర్ సార్, నేను. పదకొండయింది. నేను గడియారం వైపు చూస్తూ, రావద్దు రావద్దు అని లోపల అనుకుంటున్నాను. ఆమెకేమైనా అయిందేమోనని ఒకవైపు భయం. ఆమెకు ఏమీ కాకుండా వచ్చేస్తుందేమోనని ఇంకోవైపు భయం. రెండోదే పెద్దదని ఒప్పుకుంటున్నాను.

పదకొండున్నరకు మెట్ల మీద చప్పుడు. గ్రేసమ్మ గోడ పట్టుకొని ఎక్కి వచ్చింది. కొంగు తడిపి ముక్కుకు చుట్టుకుంది. మేడిపల్లి నుంచి బోడుప్పల్ మీదుగా నడిచి వచ్చిందట. చౌరస్తాలో టైర్లు తగలబడుతున్నాయట, పోలీసులు అడ్డంగా నిలబడ్డారట. జెండా పట్టుకున్న ఒక పెద్దమనిషి ఆపి, బంద్‌నాడు ఏడికమ్మా అని గద్దించాడట. అబద్ధమాడటం చేతకాక, నౌకరి పోయేటట్టున్నదయ్యా అందట. ఆయనే పక్కకు జరిగి దారి ఇచ్చాడట. ఇదంతా చెప్తూ చెప్పులు విప్పింది. పాదాలు ఉబ్బి పట్టీల అచ్చులు లోపలికి దిగాయి.

“కాగితాలేవి?” అన్నాడు దామోదర్ సార్.

సంచి ఆమె ఒళ్ళో ఉంది. నీలం ఫైలు అంచు నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె రెండు చేతులూ సంచి మీద పెట్టుకుంది.

“కాగితాల్లేవు సార్. ప్రింట్ తియ్యలే. ఉపేందరన్నకు సూపియ్యలే. బందులని తొందరల నేనే ఎక్కిచ్చిన.”

దేవుని చిత్తమైతే అని రాయకుండా ఒక్క పేజీ ముగించని మనిషి, చౌరస్తాలో ఆ జెండా పెద్దమనిషి ముందు కూడా అబద్ధమాడని మనిషి, నా ముందు కూర్చొని నా కోసం అబద్ధమాడుతోంది.

దామోదర్ సార్ నావైపు తిరిగాడు.

“ఏం ఉపేందర్. నువ్వు సూసినవా, లేదా?”

మైనస్ అంటే లేనట్టు అని చెప్పింది నేను. గమ్మునుండమన్నది నేను. అదంతా నోటి దాకా వచ్చింది. ఇంటి కిరాయి, పిల్లల ఫీజు, బయట తిరిగితే దొరకని పని, అవీ వచ్చాయి.

“సూడలే సార్” అన్నాను.

గ్రేసమ్మ నావైపు చూసి తల ఊపింది. రేపటి నుంచి రావద్దని దామోదర్ సార్ ఆమెకు చెప్పాడు. కసురుకోలేదు కూడా. నేను మెట్ల దాకా ఆమె వెనకే వెళ్ళాను. ఆమే మాట్లాడింది.

“పాత కంపెనీల అడుగుతన్నా. తీసుకుంటరు. పనొచ్చినోళ్ళం గద.”

“నీ కాళ్ళు...” అన్నాను.

ఆమె ఆ మాట విననట్టు సంచిలోంచి నీలం ఫైలు తీసి నా చేతిలో పెట్టింది.

“ఇయి నువ్వే చింపెయ్యన్నా. దోవల పోలీసులు సంచులు తెరిచి సూస్తున్నరు. నాకు భయమైతుంది.”

ఆమె గోడ పట్టుకొని ఒక్కో మెట్టూ దిగిపోయింది. నేను ఫైలు చొక్కా లోపల దాచుకొని బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. ముప్పై నాలుగు కాగితాలు. ప్రతి దాని కిందా నా సంతకం, ఆకుపచ్చగా, తీరిగ్గా చేసినట్టు ఉంది. చింపుతుంటే చప్పుడు సార్‌కు వినిపిస్తుందేమోనని నల్లా తిప్పాను.