వఫ్రాలో తడిసిన గోంగూర మడి

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. కడప జిల్లాలో చేలల్లో పెరిగినదాన్ని. చీకట్లో ఒంటరిగా చేనికి నీళ్లు కట్టి ఇంటికి వచ్చినదాన్ని. చదువు రాదు, సంతకం మాత్రం పెడతాను. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. ఎవరినీ భయపెట్టాలని కాదు. చూసింది చెబుతున్నాను, అంతే.

కువైట్ అంటే అందరూ మేడలు, ఆయిలు అనుకుంటారు. మేం ఉన్నది వఫ్రాలో. సౌదీ సరిహద్దు దగ్గర, ఇసుకలో బోర్లు వేసి కూరగాయలు పండించే చోటు. మా ఆయనకు తోటలో పని, నాకు ఆ తోట యజమాని ఇంట్లో వంట. మాతో పాటు గోదావరి జిల్లా నుంచి వచ్చిన సూర్రావన్న ఉండేవాడు. బోరు నీళ్లు ఉప్పగా ఉండేవి. తాగడానికి ట్యాంకరు వచ్చేది.

మా గది పక్కన మా ఆయన చిన్న మడి చేసి, ఊరి నుంచి తెచ్చిన గోంగూర విత్తనాలు చల్లాడు. కాలువ నుంచి మడిలోకి నీళ్లు వదిలే గండిని మేం మడవ అంటాం. మడి తడిశాక ఆయన మట్టిలో గడ్డి కలిపి మడవ మూసి, మడమతో తొక్కేవాడు. ఇక చుక్క కారేది కాదు. సూర్రావన్న అయితే ఒక గోనెసంచి అడ్డం పడేసి పోయేవాడు.

"ఏం బావా, కాలవకి తాళం కూడా ఏసేత్తావా ఏంటి?" అని ఎగతాళి చేసేవాడు.

"మీకు గోదారి ఉండాది, పారబోస్తారు. మాకు యాడుండాది?" అనేవాడు మా ఆయన.

తొంభయ్యో సంవత్సరంలో ఇరాక్ సైన్యం కువైట్ మీదికి వచ్చింది, మండే ఎండల్లో. యజమాని కుటుంబం కారులో సౌదీకి వెళ్లిపోయింది. ఇంటావిడను నేను అక్కడి పనివాళ్లలాగే మామా అని, అంటే అమ్మా అని, పిలిచేదాన్ని. ఆమె నా చేతిలో తాళాలు పెట్టి ఏడ్చింది. తర్వాత సైనికులు వచ్చి మా బోరు ఇంజను విప్పుకుని పోయారు. ఇక అడుగున నీళ్లున్నా పైకి రావు. పీపాలో తాగే నీళ్లు మాత్రం మిగిలాయి. దొడ్లో యజమాని గొర్రెలు దాహంతో ఒకటే అరుపు.

నేనే అన్నాను, "వాటి అరుపులు వింటా అన్నం దిగల్యా. పక్క తోటలో నీళ్లడిగి తేపో" అని.

"రొంతసేపట్లో వస్తా. నేనొచ్చేదాకా యాడికీ పోవాకు" అని మా ఆయన తోట పికప్ బండి తీసుకుని వెళ్లాడు.

రాలేదు. సూర్రావన్న ఆ తోటదాకా నడిచి వెళ్లి అడిగాడు. బండి అక్కడికి చేరనే లేదన్నారు. వాళ్లిచ్చిన నీళ్లు సూర్రావన్న డబ్బాలతో మోసుకొస్తే గొర్రెల గొంతు తడపడానికే చాలేవి కావు. రోజులు గడిచాయి. గోంగూర తల వాల్చేసింది. నేను రోజూ దారి వైపు చూస్తూ కూర్చునేదాన్ని.

ఒక ఉదయం తలుపు తీసేసరికి మడి నిండా నీళ్లు. ఆకు లేచి నిలబడి ఉంది. కాలువ మాత్రం ఎండిపోయి, పైన ఇసుక కూడా చెదరలేదు. మడవ మూసి ఉంది, గడ్డి కలిపిన పచ్చి మట్టితో. దాని మీద మడమ అచ్చు.

సూర్రావన్నను పిలిచాను. ఆయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. ఉప్పు. పీపాలోవి కావు. డబ్బాలు చూశాం, రాత్రి బోర్లించినవి బోర్లించినట్టే పొడిగా ఉన్నాయి.

పెళ్లయినప్పటి నుంచి మా ఆయన పేరు నా నోటితో పలకలేదు. ఆ పొద్దు "ఓబులేసూ!" అని తోటంతా తిరుగుతూ అరిచాను. ఎవరూ పలకలేదు. దొడ్లో గొర్రెలు మాత్రం అరుపులు ఆపి, అన్నీ ఒకే వైపు తలెత్తి చూశాయి. నేను అటే పరుగెత్తాను. అక్కడ ఏమీ లేదు.

అంతలో తోటల్లో మిగిలినవాళ్లను దేశం దాటించే లారీ వచ్చింది. డ్రైవరు "యల్లా, యల్లా" అని తొందరపెడుతున్నాడు.

"ఆయనొచ్చినాడన్నా. మడి సూడు. నేను రాను."

"వస్తే కనపడడా చెల్లెమ్మా? ఈ లారీ పోతే మళ్లీ రాదు. సైనికుల మధ్య ఒక్కదానివీ ఏం చేత్తావు? ఎక్కమ్మా, నీకు దణ్ణం పెడతాను."

గొర్రెల దొడ్డి తెరిచి వదిలేశాం. నేను ఎక్కాను. ఎవరూ ఎత్తి పడేయలేదు. నా కాళ్లతో నేనే ఎక్కాను.

బాగ్దాద్ మీదుగా జోర్డాన్ చేరి, అక్కడ గుడారాల్లో పడి ఉండి, చివరికి విమానంలో బొంబాయికి వచ్చాం. మా ఆయన కబురు ఈనాటికీ లేదు. చాన్నాళ్లు చూసి మా అత్తగారివాళ్లు నా గాజులు తీయించారు. వద్దని అనలేకపోయాను.

తర్వాత సూర్రావన్న మా ఊరు వచ్చినప్పుడు అడిగాను, "నిజం చెప్పన్నా. నా ఏడుపు సూడల్యాక ఆ నీళ్లు నువ్వే పోసినావా?"

ఆయనకు కోపం వచ్చింది. "గొర్రెలు దాహంతో చత్తంటే గోంగూరకి పోత్తానా చెల్లెమ్మా?" అన్నాడు.

ఆ నీళ్లు ఎక్కడివో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన పోయాడనడానికి శవం చూడలేదు. ఉన్నాడనడానికి ఆ తడి ఒక్కటే చూశాను. బతికి ఉంటే, వచ్చిన మనిషిని వదిలేసి వచ్చాను. చనిపోయి ఉంటే, చనిపోయాక కూడా వచ్చిన మనిషిని వదిలేసి వచ్చాను. రెండింట్లో ఏది నిజం కావాలని దేవుణ్ణి అడగాలో కూడా నాకు తెలియడం లేదు.