ఆశయం గారి కొరియా పాఠం

మా బావ ఏ పనైనా మొదలుపెట్టకముందే దాని ఉద్దేశం చెప్తాడు. చెప్పేశాక ఇక ఆ పని జోలికి వెళ్ళడు. బాల్కనీలో వేలాడే సైకిల్ ఆరోగ్యం కోసం కొన్నది, దాని సీటుకున్న ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ విప్పలేదు. బాత్రూమ్ తలుపు కింది సగం నీలం, పై సగం ఉత్త చెక్క. మిగతా సగం వేద్దామని నానబెట్టిన బ్రష్షు డబ్బాలోనే బిగుసుకుపోయింది. వాషింగ్ మెషీన్‌కి వెనక రేకు లేదు, బాగుచేద్దామని విప్పాడు కదా మరి! ఫ్యాక్టరీలో తోటివాళ్ళు ఆయనకు 'ఆశయం గారు' అని పేరు పెట్టారు. బావ దాన్ని బిరుదనుకుని మురిసిపోతుంటాడు.

ఫ్రిజ్ తలుపులు ఒత్తే ప్రెస్ మెషీన్ల దగ్గర ఆయన మెకానిక్. ఎప్పుడూ రాత్రి షిఫ్టే. మా అక్కది ఆస్పత్రి లాండ్రీలో పగటి ఉద్యోగం. ఈయన వచ్చేసరికి ఆవిడ చెప్పులేసుకుని గుమ్మంలో ఉంటుంది. తాళంచెవి ఆ చేతిలోంచి ఈ చేతిలోకి వచ్చినంతసేపే వాళ్ళ కాపురం. పగటి షిఫ్టు ఇమ్మని అడుగుదామని బావ పెళ్ళయినప్పటి నుంచీ అనుకుంటూనే ఉన్నాడు.

ఈలోగా ఫ్యాక్టరీని కొరియా వాళ్ళు కొన్నారు. దుబాసీ లేకుండా తమ ఇంజనీరుతో మాట్లాడగలిగే మెకానిక్‌కి పగటి షిఫ్టు ఫోర్‌మన్ పని ఇస్తామన్నారు. నేను సాయంత్రాలు కొరియా భాష నేర్పుతుంటాను కాబట్టి అక్క తిన్నగా మా ఇంటికొచ్చింది.

"ఆయన్ని చూడకు, నా మొహం చూసి నేర్పవే," అంది. "ఒక్క పూటైనా ఆయనతో కూర్చుని వేడన్నం తినాలనుంది."

అక్క ఎప్పుడూ ఏదీ అడగదు. అందుకే ఒప్పుకున్నాను. లేకపోతే ఆ మనిషికి పాఠం చెప్పే ఓపిక నాకెక్కడిది!

బావ బుద్ధిమంతుడిలా ముందు వరసలో కూర్చునేవాడు. ఎందుకు చేస్తున్నామో చెప్పే పాఠం రాగానే ఆయన కళ్ళు మెరిశాయి. మనకు 'డానికి' ఒక్కటుంటే చాలు. తినడానికి వెళ్తాం, బతకడానికి తింటాం. కొరియా వాళ్ళు అంత తేలిగ్గా వదలరు. ఎక్కడికైనా వెళ్ళడమో రావడమో ఉంటే క్రియకు 'రొ' అని తోక తగిలిస్తారు. మనసులో ఉన్న ఉద్దేశం చెప్పాలంటే 'ర్యొగో'. పెద్ద పెద్ద లక్ష్యాల కోసమైతే 'విహెసొ'.

ఆ విహెసొని బావ నెత్తిన పెట్టుకున్నాడు. టీ తాగడానికి లేవాలన్నా విహెసొయే.

"బావా, అది ఉపన్యాసాల్లో వాడే మాట. నువ్వు బాత్రూమ్‌కి వెళ్ళడానికి అంత ఆడంబరం అక్కర్లేదు," అన్నాను.

"చేసే పని చిన్నదైతే ఏంటమ్మాయ్, ఆశయం పెద్దదిగా ఉండాలి," అంటూ వెళ్ళాడు.

తర్వాతి క్లాసులో అసలు మెలిక చెప్పాను. ర్యొగో తర్వాత 'చేశాను' అనే అర్థమొచ్చే 'హెస్సొయొ' పెడితే, పని చేసినట్టు కాదు. చేద్దామనుకున్నాను, చెయ్యలేదు అని. ఆ రోజు బావ రాలేదు. మర్నాడు అడిగితే, "వద్దామనే అనుకున్నానమ్మాయ్," అన్నాడు. ఆ పాఠం ఈయనకు పుట్టుకతోనే వచ్చు కదా అని నేనూ ఊరుకున్నాను.

ఫోర్‌మన్ పనికి పరీక్ష పెట్టే రోజు వచ్చింది. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ముందు రాత్రి బావ నిజంగా పనిచేశాడు. ఒక్కో ప్రెస్సూ ఆపి బ్రేకు చూశాడు, నూనె పోశాడు, చెయ్యి పెడితే ఆగాల్సిన మెషీన్ ఆగుతోందో లేదో చెక్క ముక్క పెట్టి మరీ చూశాడు. తెల్లారి కొరియా ఇంజనీరమ్మ వచ్చింది. బ్రేకులు చూశారా అని వాళ్ళ భాషలో అడిగింది.

ఉత్తినే 'చూశాను' అంటే ఏం గొప్ప! పట్టుబట్టి, ఒక ఉద్దేశంతో చూశానని చెప్పాలనుకున్నాడు మన ఆశయం గారు. మనం 'కావాలని చేశాను' అంటాం కదా, అలాగన్నమాట. ఉద్దేశానికి ర్యొగో, చేశానడానికి హెస్సొయొ. 'హ్వాగిన్' అంటే సరిచూడ్డం, దానికి రెండూ తగిలించి, ఛాతీ విరుచుకుని, "హ్వాగిన్ హర్యొగో హెస్సొయొ!" అన్నాడు.

చూద్దామనుకున్నాను, చూడలేదు!

ఆవిడ నొసలు ముడిపడింది. నూనె పోశారా? పోద్దామనుకున్నాడు. చెయ్యి తగిలితే మెషీన్ ఆగుతుందా? అదీ చూద్దామనే అనుకున్నాడు. ఆవిడ మొహం మారేకొద్దీ, తన ఆశయం ఇంకా చాలలేదేమోనని ఈయన గొంతు పెంచాడు. ఆవిడ లైనంతా ఆపించింది. పక్కనున్న మెకానిక్‌ని అడిగితే అతను పిల్లిలా సన్నటి గొంతుతో, "నే, హెస్సొయొ," అన్నాడు. మన చెవికి 'నేను' అన్నట్టుంటుంది గానీ వాళ్ళకి 'నే' అంటే అవునని. ఆ పిల్లిగొంతు మనిషికి వచ్చిన కొరియా అంతే.

ఆ సాయంత్రం బావ మా ఇంటికొచ్చి జరిగిందంతా గర్వంగా చెప్పాడు. నేను తల పట్టుకుని అర్థం చెప్పేసరికి ఆయన మొహం పాలిపోయింది.

"చేశానమ్మాయ్! ఒట్టు! అన్నీ చేశాను!"

అక్క అప్పుడే లాండ్రీ నుంచి వచ్చి గుమ్మంలో నిలబడి వింటోంది.

"పెళ్ళయ్యాక మీరు పూర్తిచేసిన పని అదొక్కటే," అంది. "అదీ చెయ్యలేదని మీరే చెప్పొచ్చారు."

నాకు నవ్వొచ్చింది. అక్క మొహం చూసి మింగేశాను.

అయినా మించిపోయిందేమీ లేదు. ఫోర్‌మన్ ఎవరో నోటీసు అంటించేది సోమవారం. శనివారం ఇంజనీరమ్మ ఆఫీసులోనే ఉంటుంది. "వెళ్ళి 'తా హెస్సొయొ' అను చాలు. అన్నీ చేశానని. నిన్న మాట తప్పు చెప్పానని నవ్వు. నిజం చూసుకోవడానికి మెషీన్లు అక్కడే ఉన్నాయి," అన్నాను.

అంత చిన్న మాటతో అంత పెద్ద ఆవిడ దగ్గరకు ఎలా వెళ్తాడు? శనివారమంతా కూర్చుని సంస్థ అభ్యున్నతి కోసం, కార్మికుల క్షేమం కోసం, రెండు దేశాల స్నేహం కోసం అంటూ విహెసొలు గుచ్చి ఒక వాక్యం తయారుచేశాడు. చొక్కా ఇస్త్రీ చేయించాడు. అద్దం ముందు నిలబడి వల్లించాడు. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మర్చిపోయేవాడు. అలా మర్చిపోతూ గుర్తుచేసుకుంటూ ఉండగానే ఆఫీసు మూసేశారు. సోమవారం నోటీసులో పిల్లిగొంతు మనిషి పేరుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వారమంతా బావతో మాట్లాడలేదు. ఆదివారం సాయంత్రం వాళ్ళింటికి వెళ్తే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటున్నారు. పక్కన అక్క డ్యూటీ సంచి సర్దిపెట్టి ఉంది.

"ఇప్పుడెక్కడికే?"

"డ్యూటీకి. నాకూ రాత్రి షిఫ్టేసుకోమని మా సూపర్‌వైజర్ని అడిగాను. ఎవరైనా రాత్రి కావాలని అడుగుతారా అని ఆవిడ ముక్కున వేలేసుకుంది గానీ, వెంటనే మార్చేసింది."

బావ ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయనకూ అప్పుడే తెలిసినట్టుంది.

"రాత్రి షిఫ్టా? ఎందుకు?"

అక్క ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

"మీతో కూర్చుని తినడానికి," అంది.