పత్రికలకు నేను కుదిర్చిన జోళ్ళు

ఆ రోజుల్లో "చదువొచ్చా?" అని ఎవరడిగినా "వచ్చు" అనేసేదాన్ని, చదివి చూపించమన్నవాళ్ళు లేరు. తొంభైల్లో చెన్నైలో ఒక ప్రకటనల కంపెనీలో ఆఫీసు పనికి చేరింది ఆ ఒక్క మాట మీదే. అబద్ధమని తెలిస్తే ఆ సాయంత్రమే ఇంటికి పంపేస్తారని తెలుసు, అందుకే ఏ కాగితం చేతికిచ్చినా పెదవులు కదుపుతూ కాసేపు చూసేదాన్ని.

అక్కడ హైదరాబాదు నుంచి వచ్చిన లెక్కల సారు ఒకాయన ఉండేవారు. తమిళ పత్రికల్లో ప్రకటనలు పోయినేటికన్నా తగ్గాయో లేదో తేల్చమని యజమాని ఆయనకు పని పెట్టారు. ఒక్కో పత్రికదీ పోయినేటి సంచిక, ఈ ఏటి సంచిక పక్కపక్కన పెట్టి, ప్రకటనల పేజీలు ఎంచి, జతజతకూ తేడా తీసి, ఆ తేడా నిజమైనదో గాలివాటమో పరీక్షలో తేలుస్తారట (ఇదంతా నాకు తర్వాత తెలిసింది). నాతో అన్నది ఇంతే: "ఈ బీరువాలోంచి ఒకటి, ఆ బీరువాలోంచి దాని జోడు తీసి కట్టమ్మా. జోడు కుదరకపోతే నా పరీక్షే దండగ." జోడు కుదర్చడం నాకు రాకనా? అంతకుముందు టి. నగర్ చీరల కొట్టులో మడతలు పెట్టినదాన్ని. మందానికి మందం చూసి పెడితే దొంతర వాలదు. అట్టల మీద ఎలాగూ అందరూ సినిమా తారలే; లావుకు లావు, సన్నానికి సన్నం చూసి, దారంతో ముచ్చటగా కట్టిపెట్టాను. లావు పత్రికలో ప్రకటనలూ ఎక్కువే ఉంటాయి కదా, ఏ జతలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. "రెండేళ్ళకూ తేడా లేదు, పరీక్షే చెబుతోంది" అని సారు యజమానికి నివేదిక ఇచ్చి, భుజం తట్టించుకుని వచ్చారు.

మర్నాడు కట్టలు విప్పుతున్న టైపిస్టు అక్క (మూడు తరాలుగా మద్రాసు మనిషి) ఆగిపోయింది. "ఏమ్మే, వంటల పుస్తకానికి జోస్యం పుస్తకాన్నిచ్చి పెండ్లి చేసుండావే. చదువొస్తుందంటివి కదా?" ఉద్యోగం పోయిందనుకున్నాను. అక్క అంతటితో ఆగక సారు వైపు తిరిగింది. "పేజీలు ఎంచింది మీరే కదా సార్, ఆడ అంత పెద్దగా పేరుంటే మీరన్నా చూళ్ళేదా?" సారు ఆ అట్టను తిప్పి తిప్పి చూశారు. పెదవులు కూడా కదిపారు. ఆ కదలిక నాకు బాగా తెలుసు. "తమిళం ఇంకా నేర్చుకుంటున్నానండీ" అని, నా వైపు చూడకుండా "మళ్ళీ కట్టేయమ్మా" అన్నారు. నివేదిక వెనక్కి రాలేదు. నా ఉద్యోగమూ పోలేదు; నన్ను పంపాలంటే కారణమేమిటో సారు యజమానికి చెప్పాలి మరి.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు పత్రిక చేతికొస్తే ముందు పేరు కూడబలుక్కుని చదువుతాను. తర్వాత, ఎవరూ చూడకుండా, వేళ్ళ మధ్య పట్టి మందం చూసుకుంటాను. ఆనాటి పిల్ల ఊరుకోదు మరి.