మూడు చరణాల మడత

మా అక్క భర్త, అంటే మా బావగారు, కొత్తపేటలో డ్రాయింగ్ మేస్టారుగా రిటైరయ్యాక ఇంట్లో అక్రిలిక్ ప్లాస్టిక్ షీట్లు వంచి, అడిగినవాళ్ళకు స్టాండ్లు చేసిచ్చేవారు. వేడి తీగ మీద షీటు మెత్తబడగానే మడిచి పట్టుకుని, అది చల్లారి బిగిసేదాకా ఒక క్రైస్తవ కీర్తన మూడు చరణాలూ పాడేవారు. మధ్యలో అక్క కాఫీ సంగతి అడిగితే, "పంచదార తగ్గించవే" అని ఆ రాగంలోనే చెప్పేవారు.

చర్చికి బైబిలు స్టాండు చేస్తున్నప్పుడు గేటు దగ్గర ఎవరో బావగారిని పిలిచారు. బైబిలు జారకుండా ఆపే కింది అంచును అప్పుడే మడిచి నా చేతికిచ్చి, "మూడు చరణాలూ పాడాకే వదలండి బావగారూ" అని వెళ్ళారు; బావమరిదినైన నన్నూ ఆయన అలాగే పిలుస్తారు. ఒక చరణం కాగానే నా ఫోను మోగింది. అంచు వదిలేసి ఫోనెత్తాను. మడత కాస్త విచ్చుకుంది. ఆయన రాగానే "అయిందండీ" అన్నాను.

ఆదివారం ప్రసంగం మధ్యలో బైబిలు జారి పాస్టరుగారి కాలి మీద పడింది. అందరూ నవ్వారు. "తప్పు నాదేనండి" అని బావగారు లేచి నిలబడ్డారు. నేను పాటల పుస్తకంలో తల దూర్చాను. ఆ తర్వాత ఆయనకు ఎవరూ పని చెప్పలేదు.

ఏడేళ్ళకు, మొన్న ఆయన దగ్గరికి వెళ్ళి ఒప్పుకున్నాను. ఆయన ఆ స్టాండు తెచ్చి, బిగియకముందే వదలడంతో మడత మీద జారినట్టు అచ్చుపడిన నా బొటనవేలి గీతలు చూపించారు.

"వెనక్కి తెచ్చిన రోజే చూసేనండి."

"మరి అడగలేదేమండీ?"

"మీరే చెబుతారని చూస్తన్నానండి."

ఆ వచ్చిన ఆదివారం చర్చిలో సంఘం ముందు నిలబడి అంతా చెప్పాను. అందరికంటే గట్టిగా నవ్వింది బావగారే.